పశువైద్య విద్యార్థుల వృత్తి నైపుణ్యాలు: కర్నూలు, కడప ప్రాంతం

పశువైద్య పట్టా పుచ్చుకున్న యువ వైద్యుడు పక్కన సీనియరు లేకుండా కేసు చూడగలగాలి. చూసింది రైతుకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ చట్టం ముందు జవాబు చెప్పగలగాలి. ఈ మూడూ కలిస్తే వృత్తి సన్నద్ధత. రోగనిర్ధారణ, శస్త్రచికిత్స, ఔషధ పరిజ్ఞానం దీనికి పునాది. రైతుతో మాట, ఖర్చుల అంచనా, జట్టును నడపడం, నైతిక నిర్ణయం, సొంత ఆరోగ్య రక్షణ, పట్టా తర్వాత కూడా చదువు కొనసాగించడం ఆ పునాది మీద లేచే గోడలు. రాయలసీమ మెట్ట ప్రాంతమైన కర్నూలు, కడప జిల్లాల్లో ఈ నైపుణ్యాలకు ప్రత్యేకమైన బరువుంది. పంట పోయిన ఏడు కుటుంబాన్ని నిలబెట్టేది పశువులూ జీవాలే కాబట్టి, అక్కడ వైద్యుడి నిర్ణయం నేరుగా ఇంటి ఆదాయాన్ని తాకుతుంది.

ప్రాంతం, పశుసంపద

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది సగటు వర్షపాతం సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. ఆ వానైనా అదనుకు పడుతుందన్న భరోసా లేదు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది; ఇక్కడ దాన్నీ కలిపే చూస్తున్నాం. కర్నూలు–కడప కాలువ కింద, కుందూ నది వెంబడి వరి, పచ్చిమేత దొరుకుతాయి కనుక అక్కడ ఎనుములు, పాడి ఎక్కువ. పత్తికొండ, ఆలూరు, ఆదోని, పులివెందుల వైపు మెట్టల్లో గొర్రెలు, మేకలు ప్రధానం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం ఈ రాష్ట్రానిదే. నెల్లూరు జాతిలోని జోడిపి, పల్ల, దోర రకాలతో పాటు కర్ణాటక సరిహద్దు ఊళ్లలో దక్కని నల్ల గొర్రెలు కనిపిస్తాయి. సేద్యానికీ, తిరునాళ్లలో బండలాగుడు పోటీలకూ పెంచే ఒంగోలు ఎద్దులు ఈ ప్రాంత రైతుకు పరువు ప్రతిష్ఠల విషయం.

ఇక్కడి రోగాలు కాలాన్ని, మేతను అనుసరించి వస్తాయి. తొలకరికి లేచిన లేతగడ్డి మీద పడి మేసిన గొర్రెకు చిటుక రోగం వస్తుంది, అందుకే దాని టీకా వానలకు ముందే పూర్తికావాలి. వానలు ముదిరి చిన్న కుట్టుడు ఈగలు పెరిగాక నీలినాలుక వ్యాధి మొదలవుతుంది. వాన వెనకపట్టి గిడసబారిన జొన్నలోను, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకల్లోను సైనైడ్ విషం చేరుతుంది. దాన్ని రైతులు నాము అంటారు. నాము మేసిన పశువు నిమిషాల్లో కూలిపోవచ్చు. కళ్లాల కాలంలో రాలిన గింజలు అతిగా తిన్న గొర్రెకు కడుపులో ఆమ్లం పెరుగుతుంది. పంటకోతలయ్యాక మందలు కాలువల కిందికి, నల్లమల అంచులకు వలసపోతాయి. దారిలో రైతులు తమ చేలలో రాత్రిళ్లు మంద కట్టించుకుని, ఆ ఎరువుకు బదులుగా కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. ఒక మంద నెలకో మండలంలో ఉంటుంది కాబట్టి టీకా లెక్కలు, రోగ సమాచారం ఒక ఆసుపత్రి పరిధిలో ఒదగవు. ఈ క్యాలెండరు తెలియని పట్టభద్రుడికి పుస్తకంలోని రోగలక్షణాలన్నీ కంఠతా వచ్చినా ఊళ్లో తడబాటు తప్పదు.

విద్యాసంస్థలు

తెలుగు ప్రాంతాల పశువైద్య విద్యకు తొలి ఆధారం 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల. సీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. హైదరాబాదు కళాశాల 1946లో, తిరుపతి కళాశాల 1955లో ఏర్పడ్డాయి. 1964లో స్థాపించిన వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఈ విద్య దశాబ్దాల పాటు సాగింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాదు కళాశాల తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలోకి వెళ్లగా తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఈ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల 2008లో ప్రారంభమైంది. చుట్టూ కాలువ కింది పాడి ఊళ్లు, కాస్త దూరం పోతే మెట్ట మందలు ఉండటం దీని విశేషం. ఒకే కళాశాల విద్యార్థి ఉదయం ఎనుము పొదుగువాపు, సాయంత్రం గొర్రెల పారుడు రోగం చూసే వీలుంది. పులివెందులలో పశు పరిశోధనకు ప్రత్యేక కేంద్రాన్ని నిర్మించారు. మహానందిలో విశ్వవిద్యాలయానికి పశు పరిశోధన కేంద్రం, ఎమ్మిగనూరు దగ్గరి బనవాసిలో పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవారే తర్వాత ఊరి స్థాయి సహాయకులుగా వస్తారు. కర్నూలు వైపు విద్యార్థులు డిగ్రీకి ప్రొద్దుటూరో, తిరుపతో వెళ్లడం మామూలు.

చట్టం, పాఠ్య నిబంధనలు

భారత పశువైద్య మండలి చట్టం 1984లో వచ్చింది. ఈ చట్టం కింద రిజిస్టరైన పట్టభద్రులే పశువైద్యం చేయడానికి అర్హులు. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారు చిన్నపాటి సేవలు చేయవచ్చు, అదీ రిజిస్టరైన వైద్యుడి పర్యవేక్షణలోనే. అంటే కొత్త పట్టభద్రుడు ఉద్యోగంలో చేరిన నాటి నుంచే, తనకంటే పదేళ్ల అనుభవం ఎక్కువున్న సహాయకుల పనికి బాధ్యుడవుతాడు. వృత్తి ప్రవర్తన, మర్యాద, నైతిక నియమాలపై మండలి 1992లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

డిగ్రీ కోర్సు కనీస ప్రమాణాలనూ మండలే నిర్ణయిస్తుంది. 2016 నిబంధనల ప్రకారం బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు ఐదున్నరేళ్లు: నాలుగున్నరేళ్ల చదువు, ఆపై ఏడాది నిర్బంధ ఇంటర్న్‌షిప్. అంతకుముందు ఇంటర్న్‌షిప్ ఆరు నెలలే ఉండేది. ప్రతి కళాశాలకూ బోధనా పశుక్షేత్రం, పశువైద్య చికిత్సాలయ సముదాయం, ఊళ్లకు వెళ్లే సంచార వైద్య సౌకర్యం ఉండాలి. పశు విస్తరణ విద్య, వృత్తి నీతి, న్యాయవైద్యం, వ్యాపార నిర్వహణ పాఠాల్లో ఉన్నాయి. అయితే ఇవి వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు విభాగాల కింద చెదిరి ఉంటాయి. విస్తరణ పాఠంలో నేర్చుకున్న మాటతీరును ప్రసూతి కేసు దగ్గర వాడుకోవడం విద్యార్థి తనంతట తాను కూర్చుకోవాల్సిన పని.

ప్రధాన నైపుణ్యాలు

చేతిపని

పశువు దగ్గరికి వెళ్లే తీరు, తాడు ముడులు, పడగొట్టే పద్ధతి, ఉష్ణోగ్రత, నాడి, నెమరు పరిశీలన మొదటి మెట్టు. చూడి పరీక్ష, కృత్రిమ గర్భధారణ ఆ తర్వాతివి. కబేళా నుంచి తెచ్చిన గర్భాశయాలను బల్లమీద పెట్టి గర్భాశయ ముఖద్వారంలోంచి గన్ను పోనివ్వడం ముందు నేర్పి, తర్వాత బతికున్న పశువు మీద చేయిస్తారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి తీసిన వీర్యపు గొట్టాన్ని 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి కరిగించాలి. నీటి వేడి చూసుకోకుండా హడావుడిగా చేస్తే తర్వాతి పనంతా సరిగ్గా చేసినా చూడి కట్టదు.

చేతిపనికీ మనుషులను నడపడానికీ విడదీయరాని సంబంధం ఉందని ఎనుముల ప్రసూతి కేసులు చూపిస్తాయి. నెలలు నిండిన ఎనుము నొప్పులు పడుతూ, గంటలు గడిచినా ఉమ్మనీటి సంచి కనిపించకపోతే గర్భసంచి మెలిపడిందని అనుమానించాలి. ఎనుముల్లో ఇది తరచుగా వచ్చే చిక్కే. చేయి పెట్టి మెలి కుడికో ఎడమకో తేల్చుకోవాలి. షాఫర్ పద్ధతిలో మెలి ఉన్న వైపుకే ఎనుమును పడుకోబెట్టి, ముందుకాళ్లను ఒక తాడుతో, వెనకకాళ్లను ఇంకో తాడుతో కడతారు. డొక్క మీద పొడవాటి పలక ఆనించి, నేలకు ఆనిన కొన మీద ఒకరిని నిలబెడతారు. తాళ్లు పట్టినవాళ్లు పశువును అదే వైపుకు నెమ్మదిగా దొర్లిస్తారు. ఒక్కో దొర్లింపు తర్వాత వైద్యుడు మళ్లీ చేయి పెట్టి మెలి విడిందో లేదో చూసుకోవాలి. ఈ పనికి కావలసిన నలుగురైదుగురు మనుషులు అప్పటికప్పుడు చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆగాలో గట్టిగా, తొణక్కుండా చెప్పలేకపోతే చేతిలో విద్య ఉన్నా దూడ దక్కదు.

రైతుతో మాట

పశువు తన బాధ చెప్పదు కాబట్టి రోగచరిత్ర మొత్తం యజమాని నోటినుంచే రావాలి. మంద కాపరిని ‘జ్వరం ఉందా, విరేచనాలా’ అని వరుసగా అవును–కాదు ప్రశ్నలు అడిగితే అన్నిటికీ ఊ కొడతాడు. ‘పెద్దాయనా, మొదట ఏ గొర్రె పడింది? అంతకు ముందురోజు ఎక్కడ మేపినారు?’ అని అడిగితే నాము చేనో, కొత్తగా కొన్న పొట్టేలో, సంతనుంచి వచ్చిన పిల్లలో బయటపడతాయి. ఊళ్లో ఎవరో ముందే సూది వేసి ఉంటారు. తిడతారన్న భయంతో రైతు ఆ సంగతి దాస్తాడు. ‘ఏం మందు వేయించినారో చెబితే నేను వేసేది దానికి సరిపోతుందో లేదో చూసుకుంటాను’ అంటే దాచడు.

మానవ వైద్యంలో సంభాషణ బోధనకు వాడే కాల్గరీ–కేంబ్రిడ్జ్ పద్ధతిని చాలా దేశాల పశువైద్య కళాశాలలు తమకు తగ్గట్టు మలచుకున్నాయి. పరిచయం, సమాచార సేకరణ, పరీక్ష, వివరణ, ముగింపు అనే మెట్లు అందులో ఉంటాయి. సీమ పల్లెల్లో దీనికి ఒక మెట్టు కలపాలి. పశువు ఇంటి మగవారి పేరున ఉన్నా పాలు పితికేది, మేత వేసేది ఎక్కువగా ఆడవాళ్లు. పొదుగులో మార్పు మొదట గమనించేది ఆమె. గడప దగ్గర నిలబడ్డ ఆ ఇల్లాలిని ‘అమ్మా, పాలు ఎప్పట్నుంచి విరుగుతున్నాయి?’ అని అడగని వైద్యుడికి సగం చరిత్రే దొరుకుతుంది.

చెడు వార్త చెప్పడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. బతకదని తెలిసిన పశువుకు సెలైన్ ఎక్కించి ఆశ పెట్టడం కన్నా, పరిస్థితి ఇదీ అని చెప్పి మిగిలిన మందను కాపాడే పని మొదలుపెట్టడం రైతుకు మేలు.

ఖర్చు లెక్క

బోధనాసుపత్రిలో ఉత్తమ చికిత్స ఏదన్నది ప్రశ్న. ఊళ్లో, ఈ రైతు భరించగల చికిత్సల్లో ఉత్తమమైనది ఏదన్నది ప్రశ్న. పొదుగువాపు ముదిరిన ఎనుముకు ఖరీదైన యాంటీబయాటిక్ రాసేముందు ఆ సన్ను పాలిస్తుందా, మందు ప్రభావం పోయేదాకా పాలు పారబోయాల్సిన రోజులెన్ని, పశువు ఇంకెన్ని ఈతలు ఈనగలదు అన్నవి లెక్క వేయాలి. మందలో అయితే ఒక్క గొర్రె చికిత్సకు పెట్టే డబ్బుతో ఎన్నిటికి టీకా వేయవచ్చో చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికే మందేది, బయట కొనాల్సిందేది, దొరక్కపోతే ప్రత్యామ్నాయమేది అన్న ఎరుక ఇందులో భాగం.

పథకాల పరిజ్ఞానమూ అంతే ముఖ్యం. జాతీయ పశుగణ మిషన్ 2021 సవరణ తర్వాత 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్‌కు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు రాయితీ ఇస్తోంది. ఇలాంటి యూనిట్‌కు మేత, కొట్టం, టీకాలు, మరణాల అంచనాతో ప్రాజెక్టు నివేదిక రాయగల విద్యార్థి రైతుకు సలహాదారు కాగలడు, తానే పారిశ్రామికుడూ కాగలడు.

ధ్రువపత్రాలు, మందుల చట్టం

ఆరోగ్య ధ్రువపత్రం, బీమా పత్రం, శవపరీక్ష నివేదిక, పోలీసు కేసుల్లో గాయాల నివేదిక పశువైద్యుడి సంతకంతోనే చెల్లుతాయి. చెవి పోగు సంఖ్య తప్పు రాస్తే బీమా సొమ్ము ఆగిపోతుంది. కళ్లతో చూడని పశువుకు సంతకం పెడితే వృత్తి దుష్ప్రవర్తన అవుతుంది.

బండలాగుడు పోటీల వేళ ఈ ఒత్తిడి బాగా కనిపిస్తుంది. ఎద్దులను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు చేస్తారు. సుమారు రెండు, రెండున్నరేళ్లకు మొదటి జత శాశ్వత పళ్లు వస్తాయి. ఎనిమిదీ పూర్తయ్యేసరికి నాలుగేళ్లు దాటుతాయి. నోరు తెరిచి చూస్తే మూడో పన్ను చిగురు చీల్చుకుని ఉంటుంది, యజమాని మాత్రం రెండు పళ్ల విభాగంలో రాయమంటాడు. వెనక ఊరంతా నిలబడి ఉంటుంది. అలాంటి చోట మర్యాద తప్పకుండా, మాట మారకుండా ఉన్నదున్నట్లు చెప్పడం నీతిపాఠం పరీక్షలో మార్కులతో తేలే విషయం కాదు. సీనియరు చెప్పగా పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి.

మందుల విషయంలో నిషేధాలు మారుతూ వస్తున్నాయి. రాబందుల మరణాలకు కారణమైన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు. ఆహారపు పశువుల్లో కొలిస్టిన్‌ను 2019లో, పశువైద్యంలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. చదువుకున్న నాటి నోట్సుతోనే ఉద్యోగమంతా నెట్టుకొచ్చేవారు తెలియకుండానే చట్టం తప్పుతారు.

ప్రజారోగ్యం, సొంత రక్షణ

రాయలసీమలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంది. దీని క్రిమి గాలి తగిలితే సిద్ధబీజాలుగా మారి నేలలో దశాబ్దాలు బతుకుతుంది. నిన్నటిదాకా మేసిన గొర్రె ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే శవాన్ని కోయకూడదు. చెవి రక్తనాళం నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూత వేసి, ప్రయోగశాలకు పంపాలి. శవాన్ని సున్నంతో లోతుగా పూడ్చాలి. కష్టం ఇక్కడే మొదలవుతుంది. చచ్చిన గొర్రెను కోసి మాంసం పంచుకుంటే కొంతైనా నష్టం తీరుతుందని కాపరి ఆశ. ఆ మాంసం ఎందుకు ముట్టకూడదో, చేతి మీద నల్ల పుండు వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలో అతనికి నచ్చజెప్పాలి. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, శాఖ అధికారులకు కబురు చేయాలి. 2009 నాటి పశు అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకటించిన వ్యాధుల సమాచారం ఇవ్వడం వైద్యుడి విధి. రోగనిర్ధారణ, సంభాషణ, చట్టం, ప్రజారోగ్యం నాలుగూ ఒకే శవం దగ్గర ఒకేసారి అవసరమయ్యే సందర్భమిది.

విద్యార్థి తన ఒంటిని కాపాడుకోవడం పాఠంలో భాగం. కుక్కలను పట్టేముందే రేబిస్ ముందస్తు టీకా వేయించుకోవాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రుసెల్లా టీకా వేస్తారు. అందులో ఉండేది బతికున్న క్రిమి. దూడ తన్ని సూది వేలిలో దిగితే వైద్యుడికే జబ్బు రావచ్చు. ఈసుకుపోయిన పశువు మాయను చేతి తొడుగు లేకుండా లాగడం వల్ల కూడా ఇదే వ్యాధి సోకుతుంది.

జట్టు పని

2020 మే 30న ఏర్పడిన రైతు భరోసా కేంద్రాలు ఇప్పుడు రైతు సేవా కేంద్రాల పేరుతో నడుస్తున్నాయి. అక్కడి పశుసంవర్ధక సహాయకులు, ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు, ఆసుపత్రి సిబ్బంది, 1962 నంబరుకు పలికే సంచార వైద్య వాహనాల సిబ్బంది ఒకే రైతు దగ్గరకు వేర్వేరు దారుల్లో వస్తారు. 2022 మేలో తొలి విడతగా 175 సంచార వాహనాలు రోడ్డెక్కాయి. ఎవరు ఏ మందు వేశారో రాసి ఉంచడం, కేసును ఒకరి నుంచి ఒకరికి అప్పగించడం, సహాయకుడి అనుభవాన్ని గౌరవిస్తూనే అతని పొరపాటును సరిదిద్దడం కొత్త వైద్యుడికి తొలి ఏడాది పరీక్షలు.

ఇంటర్న్‌షిప్

ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనిదే పట్టా, పూర్తి రిజిస్ట్రేషన్ రావు. ఇంటర్నీలు చికిత్సాలయం, పశుక్షేత్రం, జిల్లా ఆసుపత్రులు, పాడి, కోళ్ల పరిశ్రమలు, జంతు ప్రదర్శనశాల వంటి చోట్ల వంతులవారీగా పనిచేస్తారు. చేసిన పనిని లాగ్‌బుక్‌లో రాసి పర్యవేక్షకుడి సంతకం తీసుకుంటారు. లాగ్‌బుక్ బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. ఎన్ని చూడి పరీక్షలు చేశారో అది చెబుతుంది. వాటిలో ఎన్ని సరైనవో, తర్వాత ఆ పశువు ఈనిందో లేదో చెప్పదు. చేసిన కేసుకు వారం తర్వాత ఫోను చేసి ఫలితం రాసుకునే ఇంటర్నీ అదే ఏడాదిలో రెట్టింపు నేర్చుకుంటాడు.

ఇంటర్నీల స్టైపెండ్ కూడా సన్నద్ధతలో భాగమే, ఎందుకంటే ఊళ్లు తిరగడానికి ఖర్చవుతుంది. 2025 ఆరంభంలో రాష్ట్రంలోని పశువైద్య విద్యార్థులు స్టైపెండ్ పెంచాలని సమ్మెకు దిగారు.

ప్రపంచంలో ప్రమాణాలు

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2012లో పట్టభద్రుడికి మొదటి రోజు నాటికి ఉండాల్సిన సామర్థ్యాల జాబితా ప్రకటించింది. అంటువ్యాధుల గుర్తింపు, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులు, ఆహార భద్రత, ధ్రువపత్రాలు, సంభాషణ, చట్టం అందులో ఉన్నాయి. అమెరికా పశువైద్య కళాశాలల సంఘం 2018లో తొమ్మిది రంగాల్లో 32 సామర్థ్యాలతో ఒక చట్రం రూపొందించింది. వాటిలో వైద్యపరమైనవి ఎంత గట్టిగా ఉన్నాయో, మాటతీరు, జట్టు పని, వృత్తి నీతి, ఆర్థిక నిర్వహణ కూడా అంతే గట్టిగా ఉన్నాయి. బ్రిటన్‌లో విద్యార్థులు చదువు కాలంలోనే కళాశాల బయట 38 వారాల పని చేయడం చాలాకాలం నియమంగా ఉండేది. 2021 నుంచి కొత్త పట్టభద్రులకు ఉద్యోగంలోనే శిక్షకుడి తోడుతో అభివృద్ధి కార్యక్రమం నడుపుతున్నారు.

నైపుణ్యాన్ని కొలవడానికి 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ మానవ వైద్యం కోసం రూపొందించిన కేంద్రాలవారీ ఆచరణ పరీక్షను పశువైద్యంలోనూ వాడుతున్నారు. ఒక కేంద్రంలో కుట్లు, ఇంకో కేంద్రంలో రక్తపు పూత చదవడం, మరో కేంద్రంలో రైతు వేషం వేసిన వ్యక్తితో మాట్లాడటం ఉంటాయి. అందరికీ ఒకే కొలత కాబట్టి పరీక్షకుడి ఇష్టాయిష్టాల ప్రభావం తగ్గుతుంది.

ఉపాధి మార్గాలు

సీమ విద్యార్థుల మొదటి చూపు పశుసంవర్ధక శాఖలో పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుడి ఉద్యోగం మీదే. నియామకాలు ఏటా జరగవు కాబట్టి మధ్యలో సంచార వాహనాల్లో, ప్రైవేటు క్లినిక్కుల్లో పనిచేస్తారు. నంద్యాల విజయ డెయిరీ వంటి పాల సంస్థలు, కోళ్ల సంస్థలు, మందుల కంపెనీలు, బీమా సంస్థలు, బ్యాంకుల వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులు ఇతర దారులు. సైన్యంలో రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్, భారత అటవీ సర్వీసు పరీక్ష పశువైద్యులకు తెరిచి ఉన్నాయి. నల్లమలలోని పులుల అభయారణ్యం, కడప లంకమల అభయారణ్యం అంచు ఊళ్లలో పశువుల రోగాలు వన్యప్రాణులకు పాకకుండా చూసే పని కూడా ఉంది. కర్నూలు, కడప నగరాల్లో పెంపుడు కుక్కల వైద్యం పెరుగుతోంది. అమెరికా వెళ్లాలనుకునేవారు అక్కడి అర్హత ప్రక్రియతో పాటు లైసెన్సు పరీక్ష రాయాలి. ఉన్నత చదువుకు తిరుపతితో పాటు 1889లో మొదలైన భారత పశువైద్య పరిశోధన సంస్థ ఇజత్‌నగర్‌లో ఉంది.

ఏ దారిలోనైనా దరఖాస్తు లేఖ, కేసు వివరణ, నివేదిక రచన, ఇంటర్వ్యూలో స్పష్టంగా మాట్లాడటం పనికొస్తాయి. ప్రభుత్వ ఉద్యోగార్థి కోచింగ్ పుస్తకాల మీద గడిపే కాలంలో చేతిపని మొద్దుబారకుండా చూసుకోవడం మరో సవాలు.

సమస్యలు

పాఠాలు ఇంగ్లిషులో, కేసులు తెలుగులో ఉంటాయి. పట్నంలో పెరిగిన విద్యార్థికి మెట్ట ఊళ్లో రైతు చెప్పే రోగలక్షణం వెంటనే అందదు. కళాశాల ఆసుపత్రికి వచ్చే కేసుల్లో ఊరికి దగ్గరి పాడిపశువులు, కుక్కలు ఎక్కువ. వలసపోయే మందలు రావు. మందలో శవపరీక్ష, సామూహిక టీకా, నట్టల మందు వేసే క్రమం చేతితో నేర్చుకునే అవకాశం అందువల్ల తగ్గుతుంది. కళాశాలల్లో చేరే అమ్మాయిల సంఖ్య పెరుగుతుండగా, రాత్రి కేసులకు వాహనం, ఆసుపత్రుల్లో మరుగుదొడ్డి, గదుల వసతి అన్నిచోట్లా ఒకేలా లేవు. అర్హత లేని సూదివాళ్లతో పోటీ పడాల్సిరావడం, ఫోనులోనే మందు చెప్పమనే ఒత్తిడి, చేతిలో పశువు చనిపోయినప్పుడు రైతు కోపం యువ వైద్యులను కుంగదీస్తాయి. ఈ మానసిక భారం గురించి చదువు కాలంలోనే మాట్లాడటం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలని చట్టం చెబుతోంది. చదువు కొనసాగించమని దాని అర్థంగా తీసుకునే వైద్యుడికే మారే మందుల చట్టాలు, కొత్త టీకాలు అందుబాటులో ఉంటాయి. కర్నూలు, కడపలకు కావలసిన పాఠాలు నిబంధనల్లో ఇప్పటికే ఉన్నాయి. కళాశాల ఉంది, పరిశోధన కేంద్రాలున్నాయి, చుట్టూ మందలున్నాయి. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో తొలకరికి ముందు ఒక నెల, ఈశాన్య వానల వేళ ఒక నెల విద్యార్థిని వలస మందల వెంట పంపగలిగితే, ఈ నేలకు తగిన పశువైద్యుడు పట్టా నాటికే తయారవుతాడు.